రెండో పెళ్లి కుటుంబానికి ఆన్‌లైన్ గ్రీన్ కార్డు ఫారాల సర్వీసు: ఐదుకి రెండున్నర

ముందే చెప్పేస్తున్నా, సర్వీసు పేరు రాయను. ఇది లాయర్ ఆఫీసు కాదు. మనల్ని ప్రశ్నలు అడిగి, జవాబుల్ని బట్టి అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్ ఫారాలు నింపి పీడీఎఫ్‌లు చేతికిచ్చే ఆన్‌లైన్ సర్వీసు. ఇంకాస్త డబ్బు కడితే ‘నిపుణుల రివ్యూ’ అని ఒకటి ఉంటుంది, మేం అదే తీసుకున్నాం. తీసుకున్నందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

మా ఇంటి సంగతి చెప్తే గాని మిగతాది అర్థం కాదు. నేను అమెరికా పౌరుణ్ని, ఉండేది డాలస్ దగ్గర. నాకిది రెండో పెళ్లి, మా ఆవిడకీ రెండోదే. కాగితాలు వేసే నాటికి ఆవిడ హెచ్-1బీ వర్క్ వీసా మీద ఇక్కడే ఉద్యోగం చేస్తుండేది, మొదటి పెళ్లిలో పుట్టిన ఇద్దరు పిల్లలు హెచ్-4 డిపెండెంట్ వీసా మీద మాతోనే ఉండేవారు. అమ్మాయి 2005 జూలైలో పుట్టింది, బాబుకి అప్పుడు పదేళ్లు. నా మొదటి పెళ్లి కొడుకు ఇక్కడే పుట్టాడు, న్యూజెర్సీలో వాళ్లమ్మ దగ్గర ఉంటాడు, సెలవులకి మా దగ్గరికి వస్తాడు. మేం 2023 మే 8న హైదరాబాద్‌లో పెళ్లి చేసుకున్నాం, ఇదిగో అదిగో అంటూ 2025 ఫిబ్రవరిలో కాగితాలు వేశాం. ఈ పేరాలో ఉన్న ప్రతి తేదీ, ప్రతి మనిషి ఏదో ఒక ఫారంలో ఏదో ఒక గడిలోకి వెళ్లాల్సిందే. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల బుర్రలో మాత్రం ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్లకి పుట్టిన పిల్లలు, అందరికీ ఒకటే ఇంటిపేరు, అంతే ఉంది.

మంచి ముందు చెప్పుకుందాం. మా స్నేహితుల్లో చాలామందికి కంపెనీ ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది, అందులో భార్యా పిల్లలు ప్రధాన దరఖాస్తుదారు వెంటే వచ్చేస్తారు కాబట్టి ‘మీ ఆవిడకి పిటిషన్ వేస్తే చాలు, పిల్లలు దాంట్లోనే’ అని అందరూ ఒకటే మాట. పౌరుడు భార్యకి వేసే పిటిషన్‌లో అలా కుదరదు, పిల్లలు దానికి తోకలా రారు, ఒక్కొక్కరికీ విడిగా ఐ-130, అంటే బంధుత్వం చూపించే పిటిషన్, పడాలి. ఈ సర్వీసు అది కరెక్టుగా పట్టుకుంది, మూడు ఐ-130లు, మూడు ఐ-485లు, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తులు, తయారుచేసింది. ఫీజుల లెక్క కూడా సరిగ్గా ఉంది. అప్పటి రేట్ల ప్రకారం కాగితం మీద వేసే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, తల్లితో కలిపి వేస్తున్న పద్నాలుగేళ్లలోపు పిల్లాడికి 950. మొత్తం 5,855, పైన అమ్మాయి వర్క్ పర్మిట్‌కి 260. 2024 డిసెంబర్ 2 నుంచి మెడికల్ రిపోర్టు, అంటే ఐ-693, ఐ-485తోపాటే పెట్టాలన్న రూలు కూడా చెక్‌లిస్టులో పెట్టారు. ఫారాల అడుగున ఉండే ఎడిషన్ తేదీ కూడా అన్ని పేజీల్లోనూ ఒకటే. మనం చేసుకుంటే వీటిలో ఒకటైనా తప్పేదే, కాబట్టి ఇక్కడి వరకు దండం పెట్టొచ్చు.

అసలు కథ పీడీఎఫ్‌లు తెరిచాక మొదలైంది.

మొదట ఇంటిపేరు. పిల్లలిద్దరి ఫారాల్లో ‘ఫ్యామిలీ నేమ్’ అన్నచోట నా ఇంటిపేరు వచ్చి కూర్చుంది. పిల్లలకి వాళ్ల నాన్న ఇంటిపేరే ఉంటుంది కదా, పెళ్లి నాతో అయింది గానీ వాళ్ల పాస్‌పోర్టులు మారలేదు. పైగా అమ్మాయి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. అలాంటివాళ్లకి అమెరికా రికార్డుల్లో పేరు మొత్తం ఫ్యామిలీ నేమ్‌లోకి వెళ్లి, ముందు పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఇది మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఉందో లెక్కే లేదు, కానీ ఈ సర్వీసులో ‘సర్‌నేమ్ లేదు’ అని చెప్పే దారే లేదు. గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలదు, ఇంట్లో పెద్దాయన ఇంటిపేరు తనే తెచ్చి అంటిస్తుంది.

తర్వాత తల్లిదండ్రుల సెక్షన్. పిల్లల ఐ-485లో తండ్రి అన్నచోట కూడా నేనే! పక్కనే జతచేసిన బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం వాళ్ల కన్నతండ్రి పేరు. ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారన్నది వేరే విషయం, ఇక్కడ మాత్రం సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ఫారంలోనూ ఉండాలి, నేను స్టెప్ ఫాదర్ అన్న సంగతి ఐ-130లో సంబంధం గడిలో వస్తుంది. రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా పంపితే ఆఫీసర్‌కి మొదట వచ్చేది అనుమానమే కదా. మా ఆవిడ అయితే ఆ పేజీ చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ‘వాళ్ల నాన్న పేరు రాయడానికి నాకేం సిగ్గు లేదండీ, వాళ్లకెందుకు అంత సిగ్గు’ అంది.

ఇప్పుడు పెద్ద తప్పు. స్టెప్ చైల్డ్‌కి గ్రీన్ కార్డు రావాలంటే చట్టంలో ఒక గట్టి షరతు ఉంది, ఆ బంధాన్ని తెచ్చిన పెళ్లి బిడ్డకి పద్దెనిమిదేళ్లు నిండకముందే జరిగుండాలి. పిటిషన్ వేసే నాటికి ఇరవై ఒకటి నిండకూడదన్నది అందరికీ తెలుసు, ఈ పద్దెనిమిది సంగతి చాలామందికి తెలియదు. మా అమ్మాయికి పద్దెనిమిది నిండింది 2023 జూలైలో, పెళ్లి అయింది మేలో, అంటే రెండు నెలల తేడాతో గట్టెక్కాం. అమెరికా పద్ధతిలో ముందు నెల వస్తుంది కాబట్టి నేను 05/08/2023 అని సరిగ్గానే కొట్టాను. మన మ్యారేజ్ సర్టిఫికెట్ మీద 08-05-2023 అని ఉంటుంది. డబ్బులిచ్చి తీసుకున్న ఆ నిపుణుల రివ్యూలో ఎవరో సర్టిఫికెట్‌ని, ఫారాన్ని పక్కపక్కన పెట్టుకుని, రెండూ కలవట్లేదని, నాకొక మాటైనా చెప్పకుండా 08/05/2023 అని ‘సరిచేశారు’. అంటే ఆగస్టు 5. కాగితం మీద మా పెళ్లి అమ్మాయికి పద్దెనిమిది నిండాక జరిగినట్టైపోయింది, నా పిటిషన్ చదివినవాళ్లకి ఆ పిల్ల నా స్టెప్ చైల్డే కాదు.

దీన్ని పట్టింది నేను కాదు, మా ఆవిడా కాదు. సంతకాలు పెట్టే రోజు అమ్మాయి తన కట్ట తిరగేస్తూ, ‘అంకుల్, మనం ఆగస్టులో ఇండియా వెళ్లలేదే, పెళ్లిలో నేను మామిడిపళ్లు తిని కడుపు నొప్పి తెచ్చుకున్నాను కదా’ అంది. నిజంగా అంతే, మామిడిపళ్లు పట్టించాయి. నాకు చెమటలు పట్టాయి. చాట్‌లో అడిగితే ‘మీ డాక్యుమెంట్‌కి అనుగుణంగా అప్‌డేట్ చేశాం’ అని జవాబు. ‘మా షరతుల ప్రకారం ఫారాలు నింపింది మీరే, మేం సాయం మాత్రమే చేస్తాం’ అని ఇంకో ముక్క. నాకు మండింది ఇక్కడే. వేరేవాళ్లు ఫారం తయారుచేస్తే ప్రిపేరర్ సెక్షన్‌లో వాళ్ల వివరాలు రాసి సంతకం పెట్టాలి, మా కట్టల్లో ఆ సెక్షన్ శుభ్రంగా ఖాళీ. తేదీ మార్చింది వాళ్లు, అంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టేది మేం.

అప్పుడిక పట్టుదల వచ్చి ఒక శనివారమంతా కూర్చుని ప్రతి పేజీ చదివాం. ఇంకా బయటపడ్డాయి.

ఐ-864, అంటే నా ఆదాయంతో వీళ్లని చూసుకుంటానని నేనిచ్చే హామీ. ముగ్గురికీ మూడు విడి పిటిషన్లు అయినప్పుడు ఇది కూడా మూడు ఉండాలి, సర్వీసు ఒకటే చేసి పిల్లల్ని అందులో ‘వెంట వచ్చేవాళ్లు’గా పెట్టింది, ఐ-130ల దగ్గర చూపించిన తెలివి ఇక్కడికొచ్చేసరికి ఏమైందో. కుటుంబ సభ్యుల లెక్క కూడా తప్పు. నలుగురు అని వేసింది, ఎందుకంటే న్యూజెర్సీలో ఉన్న నా కొడుకు నాతో ఉండడని నేను టిక్ పెట్టాను. ఫారం సూచనల్లో చూస్తే, పెళ్లికాని ఇరవై ఒకటిలోపు పిల్లల్ని కస్టడీ మన దగ్గర లేకపోయినా లెక్కలోకి తీసుకోవాలి. అంటే ఐదుగురు. అప్పటి లెక్కలో నలుగురికి కావాల్సిన కనీస ఆదాయం 39,000 డాలర్లు, ఐదుగురికి 45,725, పేదరికపు గీతకి 125 శాతం చొప్పున. నాకు దానికి ఇబ్బంది లేదు గానీ, ఆదాయం ఆ రెండింటి మధ్యలో ఉన్నవాళ్ల సంగతేంటి? చాలని ధీమాగా పంపి, తీరా ఇంకో స్పాన్సర్ కావాలని ఉత్తరం వచ్చాక తెలుస్తుంది. అన్నట్టు ఈ హామీ విడాకులైనా పోదు. సర్వీసులో ఎక్కడా ఈ మాట చెప్పలేదు, ఒకసారి కాలినవాళ్లం కాబట్టి మాకైతే చెప్పుండాల్సింది.

మా ఆవిడ ఐ-485లో పిల్లలు ఇద్దరు అని ఉంది. ఫారం అడిగేది ‘మీతో ఉండే పిల్లలు’ కాదు, ఏ వయసువాళ్లైనా, ఎక్కడున్నా, పెళ్లయినా కాకపోయినా, ప్రస్తుతం ఉన్న స్టెప్ చిల్డ్రన్‌తో సహా అందరూ. అంటే నా కొడుకు ఆవిడ ఫారంలో కూడా రావాలి, ముగ్గురు. వాడికి గ్రీన్ కార్డుతో పనేం లేదు, పుట్టుకతోనే పౌరుడు, అయినా పేరు రాయాల్సిందే. ఆ రోజు ఫోన్‌లో వాడితో ఈ మాట చెప్తే ‘అయితే ఆంటీ ఫారంలో నేనూ ఉన్నానా’ అని తెగ సంబరపడ్డాడు.

విడాకుల తేదీ దగ్గర సర్వీసు అడిగిన ప్రశ్న ‘ఎప్పుడు విడిపోయారు?’ అని. మనవాళ్లు ఎవరైనా పుట్టింటికి వచ్చేసిన రోజో, పెద్దలు కూర్చుని మాట్లాడిన రోజో చెప్తారు. ఫారానికి కావాల్సింది కోర్టు డిక్రీ తేదీ. మా ఆవిడ విషయంలో ఆ రెండింటికీ మధ్య దాదాపు మూడేళ్లు. డిక్రీ తేదీ రెండో పెళ్లి తేదీ కంటే ముందు ఉండాలి, ఇద్దరివీ డిక్రీలు జతచేయాలి, ఇది తేలిగ్గా తీసుకునే గడి కాదు.

అమ్మాయి బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉంది, ఆ రోజుల్లో చాలామందికి అలాగే ఇచ్చారు. సర్వీసు దాన్ని ఆకుపచ్చ టిక్‌తో ఒప్పేసుకుంది. మా అత్తగారు మీసేవ చుట్టూ తిరిగి పేరు చేర్పించిన కొత్త కాపీ తెప్పించారు, పాపం ఆవిడ మోకాళ్ల నొప్పులతో. తెలుగులో ఉన్న ఒక కాగితానికి అనువాదం నోటరీ చేయించాలని కూడా ఇదే సర్వీసు పట్టుబట్టింది, దానికి ఎక్స్‌ట్రా డబ్బులు. నోటరీ అక్కర్లేదు, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, రెండు భాషలూ వచ్చునని అనువదించినవాళ్లు రాసి సంతకం పెడితే సరిపోతుంది.

చివరికి ఒక లాయర్ దగ్గర గంట టైమ్ కొనుక్కుని అన్ని కట్టలూ చూపించాం. ఆయన కొత్తగా పట్టింది తక్కువే గానీ, సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ అడగని ప్రశ్న ఒకటి అడిగారు, పెళ్లై రెండేళ్లు ఎప్పుడు నిండుతాయి అని. కార్డు ఇచ్చే రోజుకి రెండేళ్లు నిండకపోతే ఆవిడకీ పిల్లలకీ రెండేళ్ల షరతుల కార్డు వస్తుంది, గడువుకి ముందు 90 రోజుల్లో మళ్లీ ఐ-751, అంటే ఆ షరతులు తీసేయమనే దరఖాస్తు, వేసుకోవాలి. మాది మే 8కి నిండుతుంది, కేసు అంతకంటే ముందు తేలదులెండి అన్నారు. అలాగే అయింది, ఇంటర్వ్యూ తర్వాత ముగ్గురికీ పదేళ్ల కార్డులే వచ్చాయి. ఇంకా ఆధారాలు కావాలంటూ ఆర్‌ఎఫ్‌ఈ ఒక్కటి కూడా రాలేదు. అది సర్వీసు గొప్పతనం మాత్రం కాదు.

మరి వాడొచ్చా అంటే, ఇద్దరికీ మొదటి పెళ్లి అయి, ముందటి పిల్లలెవరూ లేకపోతే వాడుకోండి, ఫీజులు, చెక్‌లిస్టు, కట్టలు సర్దే పద్ధతి బాగున్నాయి, చాట్‌లో మనుషులు కూడా మర్యాదగానే మాట్లాడతారు. ఇంట్లో రెండు ఇంటిపేర్లు ఉంటే ఆ రివ్యూ డబ్బు ఇక్కడ పెట్టకుండా లాయర్‌కి ఇవ్వండి. రివ్యూ డబ్బు తిరిగివ్వమని మూడుసార్లు అడిగితే సగం ఇచ్చారు, అందుకే రెండు కాకుండా రెండున్నర.

కార్డులు వచ్చిన వారానికి రేటింగ్ ఇవ్వమని వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, కుటుంబమంతటికీ శుభాకాంక్షలట. అందులో అమ్మాయి పేరు పక్కన మళ్లీ నా ఇంటిపేరే.