గ్రూపు మార్చాలా, అడ్మిన్‌ని మార్చాలా?

పాలకొల్లు నుంచి రాజోలు దాకా, మా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో ఆరు వందల చిల్లర మంది ఉన్నాం. పొద్దున్నే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు, ఆ తర్వాత మేత రేట్లు, ఎవరి చెరువుకి వైట్ స్పాట్ రోగం తగిలింది, కరెంటు ఎప్పుడు పోతుంది. చీకటి పడితే మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒక వీడియో పడేస్తారు. పోయిన నెల ఒకాయన వేరే రాష్ట్రంలో ఎప్పుడో జరిగిన కొట్లాట వీడియో పెట్టి, "మన పక్క ఊళ్లోనే. చూస్తూ ఊరుకుందామా?" అని రాశాడు. అప్పుడు రాత్రి పదకొండున్నర. అడ్మిన్‌ని నేను. కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే జనరేటర్ దగ్గర తంటాలు పడుతున్నాను. ఫోన్ చూసుకునేసరికి తొంభై మెసేజులు వచ్చాయి, అందులో సగం బూతులే.

మాకు దీని టెన్షన్ ఊరికే రాలేదు. 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద మొదలైన గొడవ మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా పోయింది. జనాన్ని పోగు చేయడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేసే కుర్రాళ్లు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి పోయారు. పిల్లకాలువకి గండి పడితే పెద్ద కాలువ హెడ్ లాకులే దించేసినట్టు.

ఆ వీడియో గొడవ జరిగిన మర్నాడు మా బావమరిది, "ఇక్కడ లాభం లేదు బావా, టెలిగ్రామ్‌కి పోదాం" అన్నాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా అన్నయ్య కొడుకు, "మాస్టడాన్ అని ఉంటుంది బాబాయ్, సర్వర్ మనదే, రూల్సూ మనవే" అన్నాడు. రిటైరై చెరువులు చేస్తున్న మా మాస్టారు ఒక్కరే, "ఆయ్, ఇల్లు మారితే పోరు పోతుందంటారా?" అన్నారు.

ముందు టెలిగ్రామ్ సంగతి. సదుపాయాలకి వంక పెట్టలేం. గ్రూపులో రెండు లక్షల మంది దాకా పడతారు, ఛానెల్‌కైతే లెక్కే లేదు. ఫోన్ నంబరు దాచుకోవచ్చు. మా గ్రూపులో చెరువులు చూసుకునే ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. వాట్సాప్‌లో నంబరు అందరికీ కనబడి, ముక్కూ మొహం తెలియనివాడు రాత్రిపూట ఫోన్ చేస్తున్నాడని ఇద్దరు గ్రూపు వదిలేశారు. ఆ బాధ అక్కడ ఉండదు. మాటల జాబితా ఇస్తే బాట్ అనే ప్రోగ్రాం తనంతట తానే మెసేజులు తీసేస్తుంది కూడా. కానీ మన తిట్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కటి పది రకాలుగా రాస్తారు. పైగా మన దగ్గర కులం పేరెత్తి తిట్టేవాడికన్నా సామెత వేసి నవ్వే ఎమోజీ పెట్టేవాడు ప్రమాదం. ఏ బాట్ పట్టుకుంటుంది దాన్ని?

అసలు భయం వేరు. పేరు దాచుకునే వీలు మా ఆడవాళ్లకి ఎంత ఉపయోగమో, నిప్పు పెట్టేవాడికీ అంతే. 2019 నవంబరులో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్‌తో కలిసి ఐసిస్ ఉగ్రవాదుల ఛానెళ్లని పెద్ద ఎత్తున తీసేసేదాకా వాళ్లకి టెలిగ్రామ్ పెద్ద అడ్డా. 2024 ఆగస్టులో ఫ్రాన్స్‌లో యజమాని పావెల్ దురోవ్‌ని అరెస్టు చేశాక, సెప్టెంబరులో కంపెనీ నిబంధనలు మార్చింది. చట్టప్రకారం అడిగితే నేరగాళ్ల ఐపీ అడ్రసు, ఫోన్ నంబరు ఇస్తామంది. మెడ మీద కత్తి పడితేగానీ కదలని లస్కరు (కాలువ కాపలాదారు) చేతికి నేను తూము అప్పగించను. ఇంకో సంగతి, అక్కడ అంతా రహస్యం అనుకుంటారుగానీ, మామూలు చాట్లకి, గ్రూపులకి పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప మూడోవాడు చదవలేని ఎన్‌క్రిప్షన్ ఉండదు, సీక్రెట్ చాట్లకే ఉంటుంది.

మాస్టడాన్ గురించి చదివాక నాకు మనసు లాగింది. ట్విట్టర్ లాంటిదే, 2016లో జర్మనీ కుర్రాడొకడు మొదలెట్టాడు. ఎవరి సర్వర్ వాళ్లది, పక్క సర్వర్లతో మాట కలపాలో వద్దో కూడా వాళ్ల ఇష్టమే. దీనికి అసలు పరీక్ష గ్యాబ్ రూపంలో వచ్చింది. మిగతా చోట్ల గెంటేసినవాళ్లు చేరిన అమెరికా సైట్ అది. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లో యూదుల ప్రార్థనాలయంలో 11 మందిని చంపినవాడు ముందు తన ద్వేషమంతా రాసుకున్నది గ్యాబ్‌లోనే. 2019లో గ్యాబ్ మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌కి మారింది. ఎవరైనా వాడుకునే సాఫ్ట్‌వేర్ కాబట్టి వద్దనడానికి లేదు. కానీ చుట్టూ ఉన్న చాలా సర్వర్లు దానికి సంబంధం తెంపేశాయి. అటు నీళ్లు ఇటు రావు, ఇటువి అటు పోవు. కోర్టు లేదు, పోలీసు లేదు, వెలేసినట్టే. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

పార్లర్ అనే ఇంకో అమెరికా యాప్‌ది మరో దారి. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో క్యాపిటల్ (వాళ్ల పార్లమెంటు భవనం) మీద దాడి జరిగాక యాపిల్, గూగుల్ యాప్ తీసేశాయి, అమెజాన్ సర్వర్లు ఆపేసింది. ఒక్కసారిగా మూతపడి మరుసటి నెలలోనే మళ్లీ తెరుచుకుంది. పైనుంచి మూస్తే ఎన్నాళ్లు ఆగుతుంది చెప్పండి.

అయినా మాస్టడాన్ మాకు పనికిరాదు. సర్వర్‌కి నెలనెలా డబ్బు కట్టాలి, ఎవరో ఒకరు కాపలా ఉండాలి, ఫిర్యాదు వస్తే జవాబు చెప్పాలి. మా అన్నయ్య కొడుక్కి పెళ్లయితే ఎవరు చూస్తారు? పైగా రొయ్యలు కొనేవాళ్లు ఒక్కరూ అక్కడ లేరు. మన దేశంలో పుట్టి, తెలుగులో కూడా నడిచిన కూ యాప్ 2024 జూలైలో మూతపడింది. జనం లేనిచోట ఎంత మంచి రూలున్నా ఏం లాభం?

మిగిలింది వాట్సాప్. మెసేజులు కంపెనీకి కనబడవు కాబట్టి అదేమీ కాపలా కాయదు. ఎవరైనా రిపోర్టు కొడితే చివరి ఐదు మెసేజులు మాత్రం వాళ్లకి వెళ్తాయి. ఫార్వర్డులకి కళ్లెం ఉంది. మూకదాడుల తర్వాత 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకే అన్నారు. 2020 నుంచి బాగా తిరిగిన మెసేజ్ ఒకసారి ఒక్క చాట్‌కే పోతుంది. కానీ వీడియోని ఫోన్‌లో దాచుకుని కొత్తగా పెడితే ఆ కళ్లెం తగలదు. అయితే పేరు లేనివాడంటూ గ్రూపులో లేడు. పోయిన నెల వీడియో పెట్టినాయన చెరువు ఏ బోదె పక్కనుందో నాకు తెలుసు. పొద్దున్నే వెళ్లి అడిగితే, "పిల్లాడు పంపాడండి, చూడకుండా నొక్కేశాను" అని తల దించుకున్నాడు. టెలిగ్రామ్‌లో అయితే ఎవరి గట్టు ఎక్కి అడగను?

కాబట్టి మేం కదల్లేదు. గ్రూపుని మండలాలవారీగా మూడు చేశాం. ఒక్కో దానికి ముగ్గురు అడ్మిన్లు, ముగ్గురూ ఒకే పేటవాళ్లు కాకూడదన్నాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఐదుదాకా అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ పెడతాం. బావమరిది ముచ్చట తీరడానికి టెలిగ్రామ్‌లో ఛానెల్ పెట్టుకోమన్నాం, ధరలు తప్ప ఇంకేం పెట్టకూడదు. గ్రూపు మూసే వంతు ఈ వారం మాస్టారిది. నిన్న తొమ్మిదింపావు దాటినా మూయలేదు. వంద కౌంటు ధర పెరిగిందని ఎవరో చెప్తే అందరితోపాటు ఆయనా లెక్కల్లో పడ్డారట.