చెన్నై డిసెంబరు సీజన్: తెలుగు చెవితో ఏళ్ల తరబడి విన్నాక

డిసెంబరులో చెన్నైలో జరిగే కర్ణాటక సంగీత కచేరీల సీజన్‌కు వచ్చే మనవాళ్లు మొదట వెతికేది పెద్ద పేరున్న గాయకుల సాయంత్రం కచేరీ టికెట్టు. ఇన్నేళ్లు విన్న మీదట నా లెక్క వేరు. ఈ సీజన్లో డబ్బు పెట్టి కొనేదానికంటే ఊరికే దొరికేదాంట్లోనే సరుకెక్కువ.

పొద్దున జరిగే సోదాహరణ ప్రసంగాలనే తీసుకోండి. మ్యూజిక్ అకాడమీ 1927 మద్రాసు కాంగ్రెస్ మహాసభలతోపాటు జరిగిన సంగీత సదస్సులోంచి పుట్టి, 1928లో సంస్థగా నిలబడింది. ఆ సదస్సు వాసన ఇప్పటికీ ఉన్నది ఈ పొద్దుటి గంటల్లోనే. ఒక రాగంలో గాంధార స్వరం పాత పాఠాంతరాల్లో, అంటే గురువుల నుంచి వచ్చిన పాడే తీరుల్లో, ఎలా పలికేదో, ఒక తాళంలో ఎత్తుగడ ఎందుకు మారిందో పాడి చూపిస్తారు. తర్వాత పెద్దలు లేచి ప్రశ్నలు వేస్తారు, కొన్నిసార్లు కస్సుమంటారు కూడా. ఆ వాదం వింటే సాయంత్రం కచేరీలో ఏం వినాలో తెలుస్తుంది. నాట్యం మీద ఆసక్తి ఉంటే టీ నగర్‌లో కృష్ణ గాన సభ (సభ అంటే ఇక్కడ కచేరీలు పెట్టే సంస్థ) వారి నాట్యకళా సదస్సు ఇలాంటిదే.

మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు. గాయకుడికి దొరికేది గంటంబావు, మహా అయితే గంటన్నర. వర్ణం, రెండు మూడు కీర్తనలు, ఒక ప్రధాన కృతి, చిన్న తని (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం). సాగదీసే వీలు లేదు కాబట్టి చిక్కగా ఉంటుంది. సాయంత్రం రెండున్నర గంటల కచేరీలో చివరి ముప్పావు గంట చాలాసార్లు చప్పట్ల కోసం పాడే చిల్లర పాటలే. క్షేత్రయ్య పదాన్ని కూడా ఆ తుక్కడాల్లో పడేసి నాలుగు నిమిషాల్లో కానిచ్చేస్తే నాకైతే ఒళ్లు మండుతుంది.

ఇక శబ్దం. ఈ సీజన్లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. ఒకదాని వెనక ఒకటి కచేరీలు పేర్చడంతో మధ్యలో మైకులు సరిచూసుకునే టైము ఉండదు. ఆ పరీక్షేదో శ్రోతల ముందే, వర్ణం పాడుతుండగా జరుగుతుంది. అందుకే మొదటి పావుగంట విని గాయకుణ్ణి అంచనా వేయకండి. ఏసీ హాల్లో గాలి పొడిబారి మృదంగం చర్మం బిగుసుకుంటుంది, శ్రుతి పైకి జరుగుతుంది. పాటకూ పాటకూ మధ్య రాయి పట్టుకుని అంచు మీద కొట్టడం దానికోసమే. ఎడమ వైపు మూతకు, అంటే తొప్పికి, రవ్వ ముద్ద అంటిస్తారు. దాని గుంకీని, అంటే ఆ లోతైన మోతను, మైకులో ఎక్కువ పెడితే హాలంతా గుబగుబమంటుంది, వయొలిన్ కింది తీగలు అందులో మునిగిపోతాయి.

కూర్చునే చోటు వల్ల సగం తేడా వస్తుంది. ముందు వరసల్లో పక్క స్పీకర్ల శబ్దం మన నెత్తి మీదుగా వెళ్లిపోయి, మృదంగం మాత్రం నేరుగా చెవిలో పడుతుంది. బాల్కనీ కింద వెనక వరసల్లో అంతా మసక. హాలు మధ్యలో, ముందునుంచి మూడో వంతు దూరంలో కూర్చుంటే మేలు. మామూలుగా మృదంగం మన ఎడమకు, వయొలిన్ కుడికి ఉంటాయి. మృదంగం కుడి మూత శ్రోతల వైపు ఉండాలని ఆ ఏర్పాటు. వాయించేది ఎడమచేతి వాటం వాళ్లయితే ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి. ఎడమచేతి వాటం మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై వేదిక ఎక్కిన రోజుల్లో ఇదే పద్ధతి. వయొలిన్ కోసం వచ్చినవాళ్లు అది చూసి కూర్చోవాలి.

సాహిత్యం దగ్గర తెలుగు చెవికి అసలు పరీక్ష. పాడే కృతుల్లో ఎక్కువ భాగం మన భాషే, పాడేవాళ్లలో ఎక్కువమందికి అది ఇంటి భాష కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. అందుకే అక్కడి స్వర పుస్తకాల్లో అక్షరం పక్కన 1 నుంచి 4 వరకు అంకెలు వేస్తారు. ఆ అంకెల్ని పట్టించుకున్నవాళ్లకూ వదిలేసినవాళ్లకూ తేడా మొదటి పల్లవిలోనే తెలిసిపోతుంది. అయినా ఉచ్చారణ తప్పును క్షమించేయొచ్చు. క్షమించలేనిది నెరవల్‌కు, అంటే ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా మలిచి పాడడానికి, లైను ఎంచుకునే తీరు. క్రియాపదం రెండో పాదంలో ఉంటే, మొదటి పాదం సగంలో ఆపి ఆ ముక్కనే పది నిమిషాలు తిప్పుతారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతం, బ్రహ్మాండంగా ఉంటుంది, వాక్యం మాత్రం గాల్లో వేలాడుతుంది. మన తెలుగు విద్వాంసులు శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి పాఠాంతరాలు విన్న చెవికి ఇది ముల్లే. వాళ్లిద్దరూ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నవాళ్లే, వరుసగా 1983లో, 1991లో. కుర్రకారు నయం. అర్థం అడిగి నేర్చుకుంటున్నవాళ్లు వాళ్లలోనే ఎక్కువ కనిపిస్తున్నారు. మధ్యాహ్నం కచేరీల మీద నా పక్షపాతానికి ఇదీ ఒక కారణం.

పెద్ద కచేరీకి టికెట్ దొరకలేదని దిగులు పడక్కర్లేదు. సీజన్ పాసులున్నవాళ్లలో కొందరు రారు, వచ్చినవాళ్లలో కొందరు తని మొదలవగానే లేస్తారు. బయట క్యూ, లోపల ఖాళీ కుర్చీలు: పెద్ద సభలు ఏళ్లుగా తేల్చని వ్యవహారం. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే ఉన్నాయి కనుక ఒకచోట కుదరకపోతే ఇంకోచోటికి ఆటోలో పోవచ్చు. ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ 1900 నాటిది, అన్నిటికంటే పాతది. టీ నగర్ సభలకైతే లోకల్ రైల్లో మాంబళంలో దిగడం సులువు. మైలాపూరు, రాయపేట వైపు మెట్రో పనులతో దారులు మళ్లిస్తుంటారు, అరగంట ముందు బయల్దేరండి.

తనిలో లేచిపోయే అలవాటు మాత్రం మనకొద్దు. మృదంగంతోపాటు ఘటం, కంజిరా (చిన్న చేతి డప్పు) ఉంటే ఆవర్తాలు తగ్గించుకుంటూ ఒకరి జతిని ఒకరు అందుకోవడం, అంతా కలిసి మోహరా, కోర్వై అనే ముగింపు జతులు కొట్టి పాట ఎత్తుగడలో దిగడం కచేరీలో అన్నిటికంటే ఉత్కంఠ. తాళం చేత్తో వేస్తూ వినండి, లెక్క తప్పినా ఫరవాలేదు. కాఫీ కావాలంటే ప్రధాన కృతి ఆలాపనకు ముందే తాగి రండి. తని టైముకు క్యాంటీన్‌లో ఎలాగూ చోటుండదు. అరిటాకు భోజనానికి పదకొండున్నరకే వెళ్లాలి. పన్నెండు దాటితే సాంబారు సాదం, పెరుగన్నంతో సరిపెట్టుకోవడమే. టిఫినుకు మూడింటి వేళ మంచిది: వడ వేడిగా ఉంటుంది, బల్ల ఖాళీగా ఉంటుంది, పక్కన కూర్చున్న మామి పొద్దుటి కచేరీని ఉతికి ఆరేస్తూ ఉంటుంది.