అమీన్‌పూర్‌లో కాపురం: దీర్ఘకాల నివాసి సమీక్ష

హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో ఇంటి విశాలతకు వంక పెట్టడానికి ఏమీ లేదు; ఎక్కువ చిక్కు ఆ ఇంటికీ ముంబయి జాతీయ రహదారికీ మధ్య ఉన్న రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంది. ఈ ఊరు పంచాయతీ పోయి పురపాలక సంఘమైన 2018లోనే మేము సంజీవరెడ్డి నగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, బీరంగూడ కమాన్ లోపలి వైపున ఒక అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కుని వచ్చాము. భార్యాభర్తలం ఇద్దరమూ ఉద్యోగులం; మాతో పాటు అమ్మ, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్నారు. శివారు కాపురం ఒకే ఇంట్లోని అందరికీ ఒకే తీరుగా గిట్టుబాటు కాదన్నది ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

ముందుగా లాభం సంగతి. సంజీవరెడ్డి నగర్‌లో రెండు పడకగదుల పాత ఫ్లాటుకు అడిగిన ధరకు ఇక్కడ మూడు పడకగదులు, రెండు బాల్కనీలు, కారు నిలుపుకొనే చోటు వచ్చాయి. పిల్లలు సాయంత్రం కిందికి దిగి ఆడుకోగలుగుతున్నారు. అమీన్‌పూర్ పెద్దచెరువు ఉంది. 2016లో ప్రభుత్వం దానిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది, నగర పరిసరాల్లోని చెరువుకు అటువంటి గుర్తింపు దక్కడం విశేషమే. చలికాలంలో తెల్లవారుజామున గట్టు మీదికి వెళితే కెమెరాలు పట్టుకుని పక్షుల కోసం వచ్చినవారు కనిపిస్తారు. ఇరుగుపొరుగు విషయంలోనూ మాకు లోటు లేదు: శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల వారూ ఉన్న భవనం కాబట్టి బతుకమ్మకూ సంక్రాంతి ముగ్గులకూ ఒకే వాకిలి సరిపోతున్నది.

నీటి విషయంలో మాత్రం నా అనుభవం అంత మంచిది కాదు. మా భవనం ప్రధానంగా బోరు మీద ఆధారపడి కట్టినది. ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. కుళాయి మూతులకు, షవరు రంధ్రాలకు తెల్లటి గార కట్టడం, గీజరు కాయిలు తరచూ మార్చవలసి రావడం మాకు మామూలైపోయింది. మార్చి దాటితే బోరు గంట సేపు కూడా నిలకడగా పోయదు. అప్పుడు వాచ్‌మన్ తెల్లవారగానే సంపు మూత తీసి, గుర్తులు గీసిన వెదురు కర్రను లోపలికి దించి, తడి ఎంతవరకు వచ్చిందో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ ఫొటోను బట్టి ఆ రోజు ఎన్ని ట్యాంకర్లు తెప్పించాలో సొసైటీ కార్యదర్శి నిర్ణయిస్తాడు. మెయింటెనెన్స్ ఏడాది పొడవునా ఒక లెక్కలో ఉండి, ఎండాకాలం మూడు నెలలు మరో లెక్కకు పోతుంది. తరువాత తాగునీటి కనెక్షన్ వచ్చింది కానీ అది వంటకూ తాగడానికీ సరిపోయేంతే. 2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలక సంస్థ) పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం అమలైనప్పుడు, రహదారి అవతల రామచంద్రాపురం వారికి అది వర్తించింది, ఇవతల ఉన్న మాకు వర్తించలేదు. హద్దు రాయి ఎటు పక్కన ఉన్నదనేది ఇంటి ఖర్చులో ఎంత తేడా తెస్తుందో కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

దీని తరువాత చెప్పుకోవలసినది గాలి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు మాకు దగ్గరే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన 43 పారిశ్రామిక సముదాయాలలో పటాన్‌చెరు–బొల్లారం కూడా ఒకటి. అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి ఒకటే అని నేను అనను. అయితే గాలి కదలని చలికాలపు రాత్రుల్లో, ఒంటిగంట రెండు గంటల వేళ, కుళ్లిన క్యాబేజీకి మందుల వాసన కలిసినట్టున్న ఘాటు ఇంట్లోకి వస్తుంది. లేచి కిటికీలు మూసి, ఫ్యాను వేసుకుని పడుకోవలసిందే. ఫిర్యాదు చేస్తే మనుషులు తెల్లవారాక వస్తారు, అప్పటికి వాసన ఉండదు. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణంతోనే ఆలోచించుకోవాలి.

ప్రయాణం విషయానికి వస్తే, మియాపూర్ మెట్రో స్టేషన్ ఏడెనిమిది కిలోమీటర్లు. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమైంది కాబట్టి, మేము వచ్చేనాటికే అమీర్‌పేటలోని నా కార్యాలయానికి మంచి దారి దొరికినట్టే అనిపించింది. నిజానికి మియాపూర్ నుంచి అమీర్‌పేటకు పట్టే సమయం ఏనాడూ మారదు. మారేదల్లా ఇంటి నుంచి మియాపూర్ చేరే సమయం. కాలనీ రోడ్డు ఒకసారి మురుగు పైపుకు, ఒకసారి నీటి పైపుకు, ఇంకోసారి కేబులుకు తవ్వగా మిగిలిన గుంతలు దాటి కమాన్ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. అక్కడి నుంచి జాతీయ రహదారిలో కలవాలి. మదీనగూడ నుంచి సంగారెడ్డి దాకా దానిని ఆరు వరుసలుగా విస్తరించే పనులు మొదలయ్యాక ఉదయం తొమ్మిదింటికి బయలుదేరడం మానేసి ఏడున్నరకే గడప దాటుతున్నాను. గచ్చిబౌలి వైపు పనిచేసే మా ఆవిడకు లింగంపల్లి మీదుగా దారి ఉంది, ఆమెకు ఈ ఇల్లు నాకంటే ఎక్కువ కలిసివచ్చింది.

ఆర్టీసీ బస్సు హైవే మీద దొరుకుతుంది, కోఠికి వెళ్లే 218 వంటివి చాలానే ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ప్రయాణం ఉచితమైంది. అయితే లోపలి కాలనీల నుంచి హైవే వరకు రావడానికి షేర్ ఆటోకు పెట్టే ఖర్చు తప్పదు. సంజీవరెడ్డి నగర్‌లో అమ్మ గుడికీ కూరగాయల బండికీ మందుల షాపుకూ ఎవరినీ అడగకుండా నడిచి వెళ్లివచ్చేది. ఇక్కడ బీరంగూడ గుట్ట మీది మల్లికార్జునస్వామి గుడి కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఎవరో ఒకరు బండి తీస్తే తప్ప ఆమె వెళ్లలేదు. నడిచే దారికి ఫుట్‌పాత్ లేదు, రాత్రి కుక్కల బెడద ఉంది. ఈ విషయాన్ని నేను నీటి ఖర్చు కంటే పెద్ద లోపంగా లెక్కిస్తాను, ఎందుకంటే డబ్బు పెట్టి దీనిని సరిచేసుకునే వీలు లేదు.

కాగితాల సంగతి విడిగా చెప్పాలి. చెరువులు, శిఖం (చెరువు నీరు నిలిచే) భూములు, ప్రభుత్వ సర్వే నంబర్లు, పంచాయతీ లేఅవుట్లు పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. 2024 సెప్టెంబరులో ఇదే మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో ప్రభుత్వ స్థలంలో ఉన్నాయంటూ, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కట్టడాలను కూల్చింది. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు అప్పు ఇచ్చింది, కరెంటు మీటరు వచ్చింది అనే మూడు మాటలూ స్థలం మంచిదని చెప్పడానికి చాలవు. పాతికేళ్లకు తగ్గకుండా ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లను (పాత యజమానుల పత్రాలను) న్యాయవాదికి చూపించి, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటంలో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని జాగా) హద్దులతో సర్వే నంబరును పోల్చి చూడాలి. ఇంటి ధరతో పోలిస్తే దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

మియాపూర్ నుంచి పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రెండో దశలో ప్రతిపాదించారు. ఆ మాట వినిపించినప్పటి నుంచి ఇక్కడ ప్రతి బ్రోషర్‌లోనూ మెట్రో స్టేషన్ బొమ్మ ఉంటున్నది. 2025 డిసెంబరులో శివారు పురపాలక సంఘాలతో పాటు అమీన్‌పూర్ కూడా జీహెచ్‌ఎంసీలో కలిసింది, దానినీ ధరలో కలిపి చెబుతున్నారు. రాబోయేవాటికి గజానికి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దన్నది నా సలహా; వచ్చినప్పుడు అవి ఉన్నవారికి ఎలాగూ అందుతాయి. ఇల్లు చూడటానికి బిల్డరు పిలిచే ఆదివారం మధ్యాహ్నం కాకుండా, మే నెలలో ఒక పనిదినం పొద్దున ఎనిమిదిన్నరకు కమాన్ దగ్గర నిలబడి చూడండి, పక్క భవనం వాచ్‌మన్‌తో నాలుగు మాటలు మాట్లాడి గత ఎండాకాలం ట్యాంకర్ల పుస్తకం చూపించమని అడగండి, వీలైతే తెలిసినవారి ఇంట్లో చలికాలంలో ఒక రాత్రి నిద్రచేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను కూడా వెంట తీసుకువెళ్లి, మందుల షాపు దాకా నడిపించి చూడండి.