మూత తీస్తే చాలన్నారు: రెండేళ్ల తర్వాత నా ఇయర్‌బడ్స్ సంగతి

ఈ ఇయర్‌బడ్స్ నా చేతికొచ్చి రెండేళ్లు దాటింది. శబ్దం ఎలా ఉంటుంది, బేస్ ఎంత, చెవిలో నిలుస్తాయా లాంటివన్నీ కొన్న వారంలోనే అందరూ రాసేస్తారు కాబట్టి నేను వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది మూత గురించే. డబ్బా మూత తీయగానే బడ్స్ వాటంతట అవే ఫోన్‌తో కలిసిపోతాయి చూడండి, అది. వీటి మీద నాకు మోజు పుట్టిందీ దానివల్లే, మొన్న చలికాలంలో ఒక వారం పాటు నన్ను ఏడిపించిందీ అదే.

వైరు ఇయర్‌ఫోన్స్ రోజుల్లో జేబులోంచి తీసిన ప్రతిసారీ చిక్కు విప్పుకోవడం ఒక పని. తర్వాత కొన్న మెడలో వేసుకునే రకానికి బటన్ నొక్కి పట్టుకోవాలి, "పవర్ ఆన్" అని అది చెప్పేదాకా ఆగాలి. వీటికి ఆ గొడవే లేదు. మూత తీసి చెవిలో పెట్టుకునే లోపే "టుంగ్" అంటాయి. మొదటి ఆరు నెలలు కనబడిన ప్రతివాళ్లకీ మూత తీసి చూపించాను. మా అక్క చేత కూడా ఇవే కొనిపించాను. "ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకేసారి కనెక్ట్ అవుతాయక్కా, మనం ఏమీ చేయక్కర్లేదు" అని గొప్పలు పోయాను. ఆ మాటను ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. అది కిందకి వచ్చాక చెబుతాను.

గొడవ ఒక్కరోజులో మొదలవలేదు. ఏడాదిన్నర దాటాక ఒక పొద్దున చూస్తే కుడిది 100 శాతం, ఎడమది 70. ఇంకో రోజు ఎడమది 40. దీనికి నేనే ఒక కారణం కల్పించుకున్నాను. కొన్ని బడ్స్‌లో ఫోన్‌తో మాట్లాడేది ఒక్కటే, రెండోదానికి శబ్దం అందించేదీ అదే. ఆ చాకిరీ చేసేదానికి ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది. మనింట్లో చాకిరీ ఎడమదానిది కాబోలు అనుకుని వదిలేశాను. అలా జరగడం నిజమే. కానీ రాత్రంతా డబ్బాలో ఉన్నది పొద్దున్నే 40 చూపించడానికి అది కారణం ఎలా అవుతుందని మాత్రం ఆలోచించలేదు.

ఒకరోజు పదింటికి ఆఫీసు కాల్ ఉంది. రెండు నిమిషాల ముందు మూత తీశాను. కుడిచెవిలో "టుంగ్". ఎడమచెవిలో ఏమీ లేదు. బ్లూటూత్ ఆపి మళ్లీ వేశాను. ఫోన్ రీస్టార్ట్ చేశాను, అది తిరిగి లేచేసరికి కాల్ మొదలైపోయింది. ఒంటి చెవితో ఆ గంట నెట్టుకొచ్చి, అవగానే అందరూ చేసే పనే చేశాను. బ్లూటూత్ జాబితాలో బడ్స్ పేరు మీద నొక్కి, "ఫర్‌గెట్" కొట్టాను.

ఆ వారం చేసిన తప్పుల్లో అది మొదటిది. పెయిరింగ్ వేరు, కనెక్ట్ అవడం వేరు. పెయిరింగ్‌లో ఫోనూ బడ్సూ ఒక రహస్య తాళంచెవి తయారుచేసుకుని చెరొకటి దాచుకుంటాయి. ఆ తర్వాత మూత తీసినప్పుడల్లా జరిగేది ఆ రెండూ సరిపోయాయా అని చూసుకోవడమే. ఫర్‌గెట్ కొడితే ఫోన్ దగ్గరున్నది పోతుంది, బడ్స్ దగ్గరున్నది పోదు. మళ్లీ కలపాలంటే బడ్స్‌ని పెయిరింగ్ మోడ్‌లోకి తేవాలి, లేకపోతే అవి ఫోన్ జాబితాలో కనిపించనే కనిపించవు. నావీ కనిపించలేదు. పైగా ఫోన్ గెంటేసింది కదా, కుడి బడ్ తనకు తెలిసిన రెండో ఇంటికి పోయింది. పక్క గదిలో ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్. నేనిక్కడ "సెర్చింగ్" అని తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చుంటే, అది అక్కడ హాయిగా కాపురం పెట్టుకుంది. సాయంత్రం ల్యాప్‌టాప్‌లో వీడియో పెట్టి, స్పీకర్‌లోంచి శబ్దం రాలేదేమిటా అని వెతికితే గానీ ఈ సంగతి బయటపడలేదు.

రెండో రోజు రీసెట్. రెండు బడ్స్‌నీ డబ్బాలో పెట్టి, మూత తెరిచే ఉంచి, డబ్బా వెనక బటన్ పది సెకన్లు నొక్కి పట్టాలి. తెల్ల లైటు మూడుసార్లు కొట్టుకుంది. హమ్మయ్య అనుకుని ఫోన్‌లో చూస్తే, ఒకే పేరు రెండుసార్లు! ఒకదాన్ని నొక్కితే కుడిది పలుకుతుంది, ఇంకోదాన్ని నొక్కితే ఎడమది. రెండూ కలిసి మాత్రం పలకవు. ఇన్నాళ్లూ జంటగా ఉన్నవి వేరుపడి, ఎవరికి వారే అయ్యాయి.

మూడో రోజు తప్పు ఫోన్‌దేమో అన్న అనుమానంతో నెట్‌వర్క్ సెట్టింగ్స్ మొత్తం రీసెట్ చేశాను. చేసేముందు అక్కడ రాసింది చదవలేదు. బ్లూటూత్ జాబితాతో పాటు దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల దగ్గర అన్నీ మళ్లీ అడుక్కోవాల్సి వచ్చింది. ఎడమ బడ్‌లో మాత్రం మార్పు లేదు. ఇది చేసేముందు ఒక్క నిమిషం పని ఒకటుంది, నాకు అప్పుడు తట్టలేదు. బడ్స్‌ని ఇంకెవరి ఫోన్‌కైనా కలిపి చూడాలి. అక్కడ బాగా పలికితే లోపం మన ఫోన్‌లో ఉన్నట్టు. అక్కడా మొరాయిస్తే మన ఫోన్‌ని పీకి పందిరేయడం దండగ.

కస్టమర్ కేర్ చాట్‌లో మూడు రోజుల్లో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ రీస్టార్ట్ చేశారా అనే అడిగారు. చివరాయన, వారంటీ అయిపోయింది కాబట్టి కొత్త జత మీద తగ్గింపు ఇప్పిస్తానన్నాడు. పాపం, మర్యాదగానే మాట్లాడాడు.

నా అసలు కోపం ఆ లైటు మీద. ఈ డబ్బాకి ఉన్నది ఒకే ఒక్క లైటు. ఛార్జింగ్ తగ్గితే ఎర్రగా కొట్టుకుంటుంది, పెయిరింగ్‌కి తెల్లగా కొట్టుకుంటుంది, రీసెట్ అయితే అదే తెలుపు మూడుసార్లు. రెండు బడ్స్‌లో మాట విన్నది ఏది, విననిది ఏది అన్నది మాత్రం చెప్పదు. నాకు కావలసిన కబురు అదొక్కటే.

ఐదో రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఎత్తి "హలో" అన్నాను. అవతల ఏమీ వినపడలేదు. ఇంకోసారి "హలో" అన్నాను. స్పీకర్ నొక్కబోతుంటే ఎక్కడి నుంచో సన్నగా మాటలు. చెవి రిక్కించి వింటే, టేబుల్ మీద మూసిపెట్టిన డబ్బాలోంచి. "వినపడుతోందా నాన్నా? ఏంట్రా, పలకవే?" అని అమ్మ డబ్బాలో కూర్చుని అడుగుతోంది.

నవ్వు ఆపుకుని కాల్ పూర్తిచేసుకున్నాక అప్పుడు వెలిగింది. ఆ సాయంత్రమే ఎడమదొక్కటీ ఫోన్‌కి కలిస్తే, సరే ఇదైనా కలిసిందిలే అని డబ్బాలో పెట్టి మూసేశాను. మూశాక అది ఆరిపోవాలి. ఆరలేదంటే, తాను డబ్బాలో ఉన్న సంగతి దానికి తెలియదన్నమాట. తెలియాలంటే డబ్బా అడుగున ఉండే స్ప్రింగు పిన్నులు బడ్ మీది చిన్న లోహపు చుక్కలకు తగలాలి. మూత తెరిచిందీ మూసిందీ డబ్బా తన దగ్గరున్న అయస్కాంతంతో కనిపెడుతుంది గానీ, ఇలాంటి డబ్బాల్లో ఆ కబురు బడ్‌కి చేరాల్సింది ఆ పిన్నుల మీదుగానే. తగలకపోతే బడ్ లెక్కలో అది ఇంకా బయటే ఉంది. ఫోన్‌ని వదలదు, నిద్రపోదు. ఆ చీకట్లో రాత్రంతా మేలుకునే ఉండి, తెల్లారేసరికి ఛార్జింగ్ ఊడ్చేసుకుంటుంది. పొద్దున మనం మూత తీసి, బ్లూటూత్ పాడైందని తిడతాం. రీసెట్ కూడా అంతే. నేను నొక్కిన బటన్ మాట కుడిదానికే చేరింది. మూడుసార్లు కొట్టుకున్న తెల్ల లైటు కుడిది ఒక్కటే ఇచ్చిన జవాబు.

డబ్బాని దీపం కిందికి తెచ్చి చూశాను. ఎడమ గుంతలో రెండు పిన్నులు. ఒకటి బంగారు రంగులో మెరుస్తోంది, రెండోది నల్లబడి సగం లోపలికి దిగిపోయి ఉంది. బడ్ మీది చుక్క చుట్టూ పచ్చటి పొర. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చెమటా చెవి గుబిలీ కలిసి పేరుకున్న మురికి అది. సాయంత్రం నడక నుంచి రాగానే బడ్స్‌ని అలాగే తడితడిగా డబ్బాలో పెట్టేసే అలవాటు నాది. ఉప్పు చెమట మీద ఛార్జింగ్ కరెంటు పారితే లోహం ఇంకా తొందరగా తినేస్తుంది. మురికి పూర్తిగా అడ్డుపడలేదు, ఒక్కోసారి తగిలేది, ఒక్కోసారి లేదు. ఆ వారమంతా ఎడమది ఒక పూట బతికి ఇంకో పూట చచ్చింది అందుకే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌లో దూది పుల్ల ముంచి, కారకుండా పిండి, చుక్కల్నీ పిన్నుల్నీ నాలుగైదుసార్లు తుడిచాను. దిగిపోయిన పిన్నుని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా పదిసార్లు నొక్కి వదిలితే పైకి లేచింది. గుండుసూది వాడొద్దు, రెండు పిన్నులకీ ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది. ఒకప్పుడు మా ఇంట్లో ఇయర్‌బడ్ అంటే దూది పుల్లే. చివరికి ఈ ఇయర్‌బడ్‌ని బాగుచేసింది ఆ ఇయర్‌బడ్డే. బాగా ఆరనిచ్చి ఎడమదాన్ని డబ్బాలో పెట్టాను. దాని ఒంటి మీది బుల్లి ఎర్ర లైటు వెలిగింది. అది వెలగడం చూసి ఎన్నాళ్లయిందో!

అరగంట ఛార్జ్ అవనిచ్చి, ఈసారి పద్ధతిగా చేశాను. ముందు ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపేశాను. ఫోన్ జాబితాలో ఉన్న రెండు పేర్లూ తీసేశాను. రెండు బడ్స్ మీదా ఎర్ర లైటు వెలుగుతోందని చూసుకుని అప్పుడు రీసెట్ బటన్ నొక్కాను. ఫోన్‌లో ఒకే ఒక్క పేరు వచ్చింది. నొక్కాను. రెండు చెవుల్లోనూ "టుంగ్".

తర్వాత ఎనిమిది నెలలు గడిచాయి, ఎడమది మళ్లీ అలక పూనలేదు. అయితే మొదట్లో నేను పొగిడినవన్నీ ఇప్పుడు అదే గొంతుతో పొగడలేను. రెండు పరికరాలకీ ఒకేసారి కలవడం ఉందే, దాన్ని ఆపేశాను. ఫోన్‌లో పాట వింటుంటే ల్యాప్‌టాప్‌లో ఏదో నోటిఫికేషన్ "డింగ్" అంటుంది, పాట ఆగిపోతుంది. మీటింగ్‌లో మైకు ఆన్ అవగానే అవతలివాళ్ల గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. ఈ రెండోది వీటి ఒక్కవాటి జబ్బే కాదులెండి. మైకు వాడాల్సి వస్తే మామూలు బ్లూటూత్ పాటల దారి వదిలి కాల్స్ దారికి మారుతుంది, ఆ దారి ఇరుకు.

ఫోన్ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని నడుస్తుంటే శబ్దం తెగిపోవడం మొదటి నుంచీ ఉంది, అప్పట్లో రాయడానికి మనసొప్పలేదు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మన ఒంట్లోని నీళ్లు బాగా పీల్చేస్తాయి. సెకనుకు 1600 సార్ల దాకా ఛానెల్ మార్చుకుంటూ వైఫై రద్దీని ఎలాగో తప్పించుకుంటుంది గానీ, మన నడుముని తప్పించుకోలేదు. చొక్కా జేబులోకి మార్చాక చాలావరకు తగ్గింది.

ఎడమదాని బ్యాటరీ మాత్రం దెబ్బతింది. లిథియం బ్యాటరీలని పదేపదే సున్నాకి దించితే వాటికి పడదు. ఎన్ని రాత్రులు అలా దిగిందో లెక్కలేదు. ఇప్పుడు కుడిది నాలుగు గంటలు వస్తే ఎడమది మూడుకే అయిపోతుంది. నాకు రోజుకి రెండు కాల్స్, ఒక గంట నడక, అంతే కాబట్టి సరిపోతోంది. పూటంతా చెవిలో పెట్టుకుని పనిచేసేవాళ్లకైతే నేను చెప్పలేను, వాళ్లకి ఈపాటికి కొత్తవి కావాల్సి వచ్చేవేమో. చెమట పట్టని చోట వాడేవాళ్లకి అసలు ఈ గొడవే రాకపోవచ్చు. నాలాగా నడక నుంచి వచ్చి గుడ్డతో తుడవడానికి బద్ధకించేవాళ్లు, కొనేముందు పిన్నులు చేతికందేలా ఉన్నాయా, డబ్బా మీద బడ్ బడ్‌కీ విడిగా లైటు ఉందా అన్నవి చూసుకోండి. లేకపోయినా నేను కొని ఉండేవాణ్ణే అనుకోండి. ఆ "టుంగ్" అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు కొనిపించినవాటిలో కుడిది పలకడం లేదురా" అంది. కంగారుపడకు, ఫర్‌గెట్ మాత్రం కొట్టకు, ముందు పిన్నులు చూడు అన్నాను.

"కొట్టేశాను. ల్యాప్‌టాప్‌లో కూడా" అంది.