డాక్టర్ అనుకుని వెళ్తే కౌన్సెలర్: కూకట్‌పల్లి వైపు ఓ క్లినిక్

మా తమ్ముడికి మూడు నెలలుగా నిద్ర లేదు, తిండి సయించదు, ఆఫీసంటేనే టెన్షన్. కూకట్‌పల్లి వైపు ఓ క్లినిక్‌కి తీసుకెళ్లాను, పేరు వద్దులెండి. ఫోన్‌లో "మంచి డాక్టర్ గారండీ" అన్నారు, 1,200 కట్టించుకున్నారు, తీరా లోపలికెళ్తే ఆవిడ కౌన్సెలర్! పాపం ఆవిడ తప్పేం లేదు, ముప్పావు గంట ఓపిగ్గా విని, "మందులు అవసరం కావచ్చు, నేను రాయకూడదు, సైకియాట్రిస్ట్‌కి చూపించండి" అని తనే చెప్పారు. తప్పంతా రిసెప్షన్‌ది.

మనకేమో అందరూ "పిచ్చి డాక్టర్లే". సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ లాంటిది చేసినవాళ్లు, మందులు రాసేది వాళ్లు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు పెడతారు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. వాళ్లకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడగొచ్చు. కౌన్సెలర్ బోర్డు మాత్రం రకరకాల చదువులవాళ్లు పెట్టుకుంటారు, కాబట్టి డబ్బు కట్టకముందే డిగ్రీ ఏంటో మొహమాటం లేకుండా అడగండి, నేను అడగలేదు, అదీ నా తెలివి.

రెండోసారి అక్కడే సైకియాట్రిస్ట్‌ని కలిశాం. ఆయన ముందు థైరాయిడ్ టెస్ట్ చేయించి, రిపోర్ట్ చూశాకే మందు రాశారు, దాంతోపాటు థెరపీ కూడా మానొద్దన్నారు. నాకు నచ్చింది. వాడిప్పుడు కాస్త నిద్రపోతున్నాడు.

అంత ఫీజు కష్టమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, ఆ పేరు వినగానే నవ్వే చుట్టాల్ని పట్టించుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

సైకియాట్రిస్ట్‌కి ఐదు స్టార్లు, కౌన్సెలర్‌కి నాలుగు, రిసెప్షన్‌కి ఒకటి. పార్కింగ్ ఊసెత్తకండి.