పెరటి మామిడికి ఏటా కత్తెరా, ఒక్కసారే రంపమా?

విజయనగరంలో మా దొడ్డిలో ఒక సువర్ణరేఖ, ప్రహరీ అవతల అన్నయ్య వాటాలో ఇంకొకటి ఉన్నాయి. నా చెట్టుకు ఏటా కాపు దిగగానే కత్తెర పెడతాను. అన్నయ్య పదిహేనేళ్లు దాని జోలికే పోలేదు. కొమ్మలు మేడ దాటి కరెంటు తీగల మీదకు వెళ్లాక, ఒక డిసెంబరులో మనిషిని పిలిచి పది అడుగుల ఎత్తున మోడు చేయించాడు. "ఇక పదేళ్లు దీని మొహం చూడక్కర్లేదురా" అన్నాడు.

మరుసటి వేసవి నుంచే రోజూ చూడాల్సి వచ్చింది. నరికిన చోటల్లా చీపురుకట్టలా చిగుళ్లు లేచాయి. ఒక్కో కొమ్మకు బయటివైపు తిరిగిన నాలుగైదు ఉంచి మిగతావి తీసేయాలి. ఆయన తీయలేదు. నీడ పోయిన బెరడు ఎండకు కాలి పగిలింది, సున్నం కొట్టి ఉంటే ఆగేది. తర్వాత కాండం తొలిచే పురుగు పట్టింది, రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే గానీ ఎవరూ గమనించలేదు. రెండు వేసవులు కాయ లేదు. మూడో ఏడు పచ్చడికి సరిపడా కాసింది.

నా పద్ధతిలో పని తక్కువ, కాకపోతే ఏటా ఉంటుంది. మామిడి పూసేది బాగా ముదిరిన రెమ్మల చివర. సువర్ణరేఖ ముందుగా కోతకొచ్చే రకం కాబట్టి మే నెలాఖరుకు చెట్టు ఖాళీ. జూన్‌లో కత్తిరిస్తే వానలకు చిగురించి, చలికాలానికి ముదిరి పూతకొస్తుంది. అక్టోబరులో కత్తెర పెడితే చలికాలంలో లేత ఆకే గానీ పూత ఉండదు. కాయ కాసిన రెమ్మలను జానెడు వెనక్కి కోస్తాను. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేస్తాను. నడిమధ్య నిటారుగా లేచిన కొమ్మ ఒక్కటి మొదలంటా తీస్తే లోపలికి ఎండ పడుతుంది. సొన చర్మం మీద పడితే పొక్కుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి.

జర్మనీలో ఉన్న మా మేనల్లుడి పెరట్లో స్తంభంలా పెరిగే ఆప్రికాట్ పండ్ల చెట్టు ఉంది. అక్కడ కూడా కాయలు కోశాక, పొడి వాతావరణం చూసి వేసవిలోనే పక్క కొమ్మలు కురచ చేస్తారు. చలికాలంలో కోస్తే గాయాల గుండా తెగుళ్లు దిగుతాయట. "ఇక్కడా ఒకటి నాటు మామయ్యా" అంటాడు. దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి, మన చలి చాలదు. పోనీ మామిడినే అలా స్తంభం చేద్దామంటే, అస్తమానం చివర్లు కోస్తూ పోతే పూసే రెమ్మే మిగలదు.

ఇక గాలి సంగతి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాల్లో గుబురు చెట్టు ఉన్నవాడికి దసరా నెలంతా టెన్షనే. మోడు చేసిన చెట్టుకు మొదటి ఒకటి రెండేళ్లు భయం లేదు, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత పెరిగే కొమ్మలు మాత్రం బెరడు అంచున అతుక్కున్నట్టు ఉంటాయి, బరువెక్కాక పెద్ద గాలికి ఊడొస్తాయి. మధ్యలో తెరిపి ఇచ్చిన చెట్టులో గాలి చాలావరకు దూరి పోతుంది. ఏ చెట్టుకూ హామీ లేదనుకోండి.

కాబట్టి చెట్టు చేతికందే ఎత్తులో ఉన్నంతకాలం ఏటా కత్తెరే మేలు. చేయి దాటిపోయి, పైన మాత్రమే కాస్తున్న పాత చెట్టుకు రంపం తప్పదు. అప్పుడైనా అన్నీ ఒకేసారి వద్దు, ఏటా మూడో వంతు కొమ్మలు తీస్తే మూడేళ్లలో పని పూర్తవుతుంది, మధ్యలో నాలుగు కాయలూ దొరుకుతాయి. పెద్ద కొమ్మకు ముందు కింద నుంచి గాటు పెట్టి ఆ తర్వాత పైనుంచి కోయాలి, లేకపోతే మాను బెరడుతో సహా చీలుతుంది. కోసిన ముఖానికి బోర్డో పేస్టు: వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం, లీటరు నీరు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనప బకెట్ వద్దు. తీగల మీది కొమ్మ జోలికి మాత్రం లైన్‌మన్ వచ్చి కరెంటు తీశాకే వెళ్లండి.