జాగ్రత్త: ఏడాది చివరి జాబితాలు చూసి పుస్తకాలు కొంటున్నారా? ముందు ఎడిషన్ చూడండి

డిసెంబరు వస్తే చాలు, ఈ ఏడాది చదివినవాటిలో నచ్చినవి పది, నిరాశపరిచినవి ఐదు అంటూ జాబితాలు మొదలవుతాయి. వాటిని చూసి ఆర్డర్లు పెట్టేవాళ్లకే ఈ హెచ్చరిక. నచ్చినవాటి జాబితాలో పేరు చూసి కొంటే చేతికొచ్చేది వాళ్లు చదివిన పుస్తకమే అవుతుందన్న నమ్మకం లేదు. నిరాశపరిచిన జాబితాలో ఉన్నదాన్ని రచయితే చెడగొట్టాడన్న నమ్మకమూ లేదు. అధ్యాయాలు కోసేసిన అనువాదమో, స్కాన్ చేసి అచ్చేసిన దొంగ ప్రతో, ఒక ఫారం (పదహారు పేజీల కట్ట) ఎగిరిపోయిన కాపీయో చదివి, మార్కులు మాత్రం రచయితకు తగ్గించేవాళ్లు చాలామంది.

ఇది ఇప్పటి జబ్బు కాదు. హెర్మన్ మెల్విల్ ‘మోబీ డిక్’ 1851 అక్టోబరులో ముందుగా లండన్‌లో ‘ది వేల్’ అనే పేరుతో మూడు సంపుటాలుగా వచ్చింది. చివర ఉండాల్సిన ఉపసంహారం అందులో పడలేదు. ఓడ మునిగింది, అందరూ పోయారు, మరి ఈ కథ చెబుతున్నవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడని అక్కడి సమీక్షకులు వెక్కిరించారు. ఆ మరుసటి నెల అమెరికాలో వచ్చిన ముద్రణలో ఆ చిన్న ఉపసంహారం ఉంది. శవపేటికను పట్టుకుని అతను తేలాడని అందులో ఉంటుంది. (కథ చెప్పేశానని తిట్టకండి, నూట డెబ్బై ఏళ్లు దాటింది.) లండన్ సమీక్షకులు తప్పు చదవలేదు, వాళ్లకు అందిన కాపీయే తప్పు.

ఇప్పటికీ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: పూర్తి పాఠమా, కోత పడ్డదా? ఆంథొనీ బర్జెస్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ 1962లో బ్రిటన్‌లో 21 అధ్యాయాలతో వచ్చింది. మూడు భాగాలు, భాగానికి ఏడు. అమెరికా ప్రచురణలో ఆఖరిది తీసేశారు, 20తో ఆగిపోయింది. తీసేసిన అధ్యాయంలోనే కథానాయకుడైన కుర్రాడికి హింస మీద మొహం మొత్తుతుంది. అది లేకపోతే ముగింపు అర్థమే తిరగబడుతుంది. 1980ల రెండో సగం దాకా అమెరికా పాఠకుల చేతికి ఆ అధ్యాయం రాలేదు. ఆ పాత కాపీలు సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మూడో భాగం తెరిచి ఏడు అధ్యాయాలు ఉన్నాయో లేదో చూశాకే కొనండి.

అనువాదాల దగ్గర ఇంతకంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’కి 1870ల్లో మెర్సియర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో మూలంలోని ఐదో వంతుకు పైగా లేదు. ఉన్నదాంట్లోనూ తప్పులు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి దాన్ని ఉచితంగా తీసుకుని కొత్త అట్టలు వేసి అమ్మేవాళ్లకు లెక్కే లేదు. పట్టుకోవడం మాత్రం తేలిక. రెండో అధ్యాయం మొదట్లో కథకుడు అమెరికాలోని నెబ్రాస్కా నుంచి తిరిగొచ్చానంటాడు. ఫ్రెంచిలో అక్కడున్నది ‘బ్యాడ్‌లాండ్స్’ అనే బీడు నేలల పేరు. మెర్సియర్ దాన్ని మాటకు మాట మార్చి ‘డిసగ్రీయబుల్ టెరిటరీ ఆఫ్ నెబ్రాస్కా’ (నచ్చని ప్రాంతం) అని రాశాడు. ఆ మాట కనిపించిందా, పుస్తకం మూసేయండి. అట్ట మీద ‘కంప్లీట్ అండ్ అన్‌అబ్రిడ్జ్‌డ్’ (పూర్తిది, కోతల్లేనిది) అని ఎంత పెద్ద అక్షరాలు వేసినా సరే. కోతపడ్డ అనువాదాన్ని కోయకుండా అచ్చేసినా వాళ్ల లెక్కలో అది అన్‌అబ్రిడ్జ్‌డే!

ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా ‘ది సెకండ్ సెక్స్’దీ ఇదే వరస. 1953 నాటి ఇంగ్లీషు అనువాదం చేసినాయన జంతుశాస్త్ర ఆచార్యుడు. తత్వశాస్త్రపు మాటలు పలచబడ్డాయి, పేజీలకు పేజీలు ఎగిరిపోయాయి. పూర్తి అనువాదం రావడానికి 2009 దాకా పట్టింది. ‘వాదన అతుకులబొంతలా ఉంది’ అని ఎవరైనా రాస్తే, చదివింది ఏ అనువాదమో అడగకుండా ఆ మాట నమ్మకండి.

తెలుగు అనువాదాలకైతే పుస్తకం పేరున్న లోపలి పేజీకి వెనకవైపు చూడాలి. ‘స్వేచ్ఛానువాదం’, ‘అనుసరణ’, ‘సంక్షిప్తం’, ‘సరళ వచనంలో’ అనే మాటలు అట్ట మీద ఉండవు, అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. రష్యన్ నవలో ఫ్రెంచి నవలో అయితే ‘ఆంగ్లం నుంచి’ అన్న మాట ఉందేమో కూడా చూడండి. ఉంటే అది అనువాదానికి అనువాదం. ఆ ఇంగ్లీషులో పడిన కోతలన్నీ తెలుగులోకీ వచ్చి తీరతాయి. అనువాదకుడి పేరే లేదా? అసలు కొనకండి. ఈ మాట మీద మాత్రం బేరం లేదు.

ఆన్‌లైన్ దుకాణాల్లో నక్షత్రాలు చూసి మోసపోవడం ఇంకో రకం. ఒకే పేరున్న పుస్తకానికి పదిమంది ప్రచురణకర్తలుంటే సమీక్షలన్నీ ఒకే చోట పోగుపడుతుంటాయి. మంచి అనువాదానికి వచ్చిన మెప్పంతా పక్కనున్న చెత్త ముద్రణ కింద కూడా కనిపిస్తుంది. పాఠకులు రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ సైటులో అన్ని ఎడిషన్ల మార్కులూ కలిపే లెక్క. పైగా పుస్తకం విడుదల కాకముందే రేటింగులు పడుతుంటాయి. అందుకని నాలుగున్నర నక్షత్రాలను పక్కనపెట్టి, ఒక నక్షత్రం, రెండు నక్షత్రాల సమీక్షలు చదవండి. కథ నచ్చలేదన్నవాటిని దాటేసి ‘అక్షరాలు చిన్నవి’, ‘పేజీలు ఊడాయి’, ‘అధ్యాయం లేదు’ అన్నవాటిని పట్టుకోండి. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలుంటే ఇంకా మేలు. దుకాణం చూపించే నమూనా పేజీలను గుడ్డిగా నమ్మకండి. చాలాసార్లు అందులో తెరుచుకునేది వేరే ఎడిషన్. నమూనాలోని ఐఎస్‌బీఎన్ (ఎడిషన్‌కు ఇచ్చే గుర్తింపు నంబరు), అమ్మే పేజీలోని ఐఎస్‌బీఎన్ ఒకటేనా కాదా అని అంకె అంకె సరిపోల్చండి.

ఆ నంబరు గురించి కాస్త. 2007 జనవరి నుంచి ఐఎస్‌బీఎన్‌కి 13 అంకెలు, మొదట 978 గానీ 979 గానీ ఉంటుంది. చివరి అంకె తనిఖీ కోసం. మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో, అలా వరసగా గుణించి అన్నీ కూడితే మొత్తం పదితో శేషం లేకుండా భాగింపబడాలి. 9780306406157 తీసుకుంటే 9, 21, 8, 0, 3, 0, 6, 12, 0, 18, 1, 15, 7. కూడితే 100. సరిపోయింది. సరిపోకపోతే ఆ నంబరు తప్పు, అచ్చుతప్పో కల్పించిందో అయ్యుంటుంది. అయితే సరిపోయినంత మాత్రాన అసలుదని తేలదు, దొంగ ముద్రణవాళ్లు అసలు నంబరునే దించేస్తారు. దాని అసలు ఉపయోగం ఎడిషన్ తేల్చుకోవడం. గట్టి అట్టకీ, పేపర్‌బ్యాక్‌కీ, ఈబుక్‌కీ వేర్వేరు నంబర్లుంటాయి. కాబట్టి పేరుతో కాకుండా నంబరుతో వెతకండి.

ఒకే పుస్తకానికి రెండు పేర్లుండడం ఇంకో గోల. అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ 1934లో అమెరికాలో ‘మర్డర్ ఇన్ ది కలే కోచ్’గా వచ్చింది. పాత డిటెక్టివ్ నవలల్లో ఇలాంటివి బోలెడు. కొనేముందు ‘మరో పేరు’ ఉందేమో చూసుకోకపోతే చదివిందే మళ్లీ కొంటారు.

జాబితాకెక్కిన కొత్త పుస్తకాల నీడలో పుట్టేవాటితో ఇంకా జాగ్రత్త. పుస్తకం పేరు పెద్ద అక్షరాల్లో, దాని ముందు ‘సమ్మరీ ఆఫ్’ అనో వెనక ‘వర్క్‌బుక్’ అనో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 300 పేజీల పుస్తకం 60 పేజీలే చూపిస్తోందంటే అదే. ఇక యంత్రంతో రాయించి ఎక్కించినవి. వీటి వరద ఎంతలా వచ్చిందంటే, 2023 సెప్టెంబరులో అమెజాన్ తన సొంత ప్రచురణ వేదికలో రోజుకు మూడుకు మించి కొత్త పుస్తకాలు ఎక్కించకూడదని కట్టడి పెట్టింది. రోజుకు మూడు! గుర్తుపట్టడానికి నమూనా అధ్యాయం చాలు. ప్రతి పేరా ఒకే కొలత, చెప్పిందే మళ్లీ చెప్పడం, ఒక్క మనిషి పేరూ ఒక్క తారీఖూ లేకపోవడం. రచయిత పేరు నొక్కితే ఒకే నెలలో వంటల దగ్గర్నుంచి మదుపు దాకా పదిహేను పుస్తకాలు కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

పాత తెలుగు పుస్తకాల పునర్ముద్రణల్లో వేరే తెగులుంది. పాత డీటీపీ ఫాంట్లలోంచి యూనికోడ్‌లోకి (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే అక్షరాల పద్ధతిలోకి) మార్చినప్పుడో, స్కాన్ నుంచి యంత్రంతో అక్షరాలు లాగినప్పుడో ‘మ’ కాస్తా ‘వు’ అయిపోతుంది. ‘మాటలు’ బదులు ‘వూటలు’, ‘మనిషి’ బదులు ‘వునిషి’, ‘మేఘం’ బదులు ‘మేఫుం’ కనిపిస్తాయి. ఒత్తులు జారి పక్క అక్షరం కింద పడతాయి. పద్యాలుంటే పాదాలు కలిసిపోయి వచనమై కూర్చుంటాయి. నమూనాలో ఒక పూర్తి పేజీ మ, ఘ, హ అక్షరాల మీదే కన్నేసి చదవండి. పేజీకి రెండు తప్పులు దొరికితే 250 పేజీల్లో ఐదొందలు. అది ప్రూఫు చూడని పుస్తకం. ఇలాంటి కాపీ చదివినవాళ్లు ‘శైలి కరుకుగా ఉంది’ అని రాయడం మామూలే.

ఈబుక్ కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. కొన్నది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. 2009 జులైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్స్‌లోంచి దూరం నుంచే తీసేసింది. అమ్మినవాడికి హక్కులు లేవన్నది కారణం. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చింది గానీ పుస్తకాలు తెరుచుకోలేదు. మళ్లీ మళ్లీ చదవాలనుకున్నదాన్ని కంపెనీ తాళం వేయని ఫైలుగానో కాగితం మీదో కొనడం మంచిది. ఆడియో పుస్తకమైతే గంటలు చూడండి. ఇంగ్లీషులో చదివి వినిపించేవాడు గంటకు తొమ్మిది వేల మాటలు, కాస్త అటూ ఇటూగా చదువుతాడు. లక్ష మాటల నవల పదకొండు గంటలకు దగ్గర్లో ఉండాలి. ఐదు గంటలే ఉంటే సగం కోసేశారు.

పుస్తకం ఇంటికొచ్చాక పది నిమిషాలు కేటాయించండి. చదవడం తర్వాత. పార్శిల్ విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీయండి, చిరునామా చీటీ, ఐఎస్‌బీఎన్ రెండూ అందులో పడాలి. తర్వాత పేజీల అంకెలు చూస్తూ మొదట్నుంచి చివరిదాకా తిప్పండి. పుస్తకాలు చాలావరకు 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి తప్పు జరిగితే ఒక్క పేజీ కాదు, పదహారూ పోతాయి. 32 తర్వాత 49 వస్తుంది, లేదా 17 నుంచి 32 దాకా రెండుసార్లు వస్తుంది. ముందుమాటకు వేరే అంకెలు వేస్తే ఈ లెక్క కాస్త జరుగుతుంది. అందుకే అన్నీ తిప్పాలి. ఇది తర్వాత చూద్దామనుకుంటే, వాపసు గడువు దాటాక కథ మంచి పట్టులో ఉండగా బయటపడుతుంది.

ఆ తర్వాత అచ్చు. ఫోన్ కెమెరాతో ఒక పదాన్ని దగ్గరగా తెచ్చి చూడండి. అసలు ముద్రణలో అక్షరం అంచు నున్నగా, నలుపు నిండుగా ఉంటుంది. స్కాన్ నుంచి వేసిన దొంగ ప్రతిలో అంచు రంపపు పళ్లలా ఉంటుంది, సన్నగీతలు తెగిపోతాయి, చుక్కలు మాయమవుతాయి, కొన్ని పేజీలు ఒక పక్కకు వాలి ఉంటాయి. ఫొటోల మీద అలల్లాంటి గళ్లు కనిపిస్తే సందేహమే లేదు, అచ్చైన ఫొటోని మళ్లీ స్కాన్ చేశారు. చివరి పేజీలో బార్‌కోడ్, దాని దగ్గర ముద్రించిన తారీఖు ఉంటే అది ఆర్డర్ వచ్చాక అచ్చేసిన కాపీ. అది దొంగది కాదు, చిన్న ప్రచురణకర్తలు చాలామంది అలాగే వేస్తారు. కాకపోతే ‘మొదటి ముద్రణ’ అని చెప్పి అమ్మితే ఒప్పుకోవద్దు. మొదటి ముద్రణ కావాలంటే ఇంగ్లీషు పుస్తకాల కాపీరైట్ పేజీలో 10 నుంచి 1 దాకా ఉండే అంకెల వరస చూడండి. మిగిలిన అంకెల్లో అతి చిన్నది ఎన్నో ముద్రణో చెబుతుంది. 4 దగ్గర ఆగితే నాలుగోది.

బైండింగ్ ఆఖరు. మధ్యలో తెరిచి మెల్లగా నొక్కండి. చిటపటమంటే జిగురు పెళుసుబారింది, రెండో చదువుకు పేజీలు రాలతాయి. పైనుంచి వీపు వైపు చూస్తే కాగితాలు మడతలు మడతలుగా, మధ్యలో దారం కనిపిస్తే కుట్టు బైండింగ్, మన్నుతుంది. పేజీలు అలలు తిరిగి, తెరిచినా వాటంతటవే మూసుకుపోతుంటే కాగితం పోగు (నార సాగే దిశ) వీపుకు అడ్డంగా పడింది, బరువు పెట్టినా తిన్నబడదు.

లోపం దొరికితే అమ్మినవాళ్లకు ‘పుస్తకం బాలేదు’ అని రాయకండి, అభిప్రాయం కింద జమకట్టి పక్కనపడేస్తారు. ‘33 నుంచి 48 పేజీలు లేవు, ఐఎస్‌బీఎన్ ఇది, ఫొటోలు ఇవి’ అని రాయండి. ప్రచురణకర్తకూ అదే పంపండి. ఫారం తప్పు ఒక్క కాపీలోనే ఉండదు, ఆ కట్టలో మిగతావాటికీ ఉండే అవకాశం ఎక్కువ. మీ ఏడాది జాబితాలో ఆ పుస్తకాన్ని నిరాశల కింద వేసేటప్పుడు అనువాదకుడి పేరు, ముద్రణ సంవత్సరం, ఐఎస్‌బీఎన్ పక్కనే రాయండి. సరైన కాపీ దొరికి చదివేదాకా రచయిత మార్కుల గడి ఖాళీగా వదిలేయండి.